అడుగున పేరు లేని సాక్షి

ఆర్లిస్ కొవాండా పొద్దున్నే చావు కబుర్లు వినందే ఆఫీసు తాళం తీసేది కాదు.

మా ఊరు దుబ్రావాలో ఆమె ఆఫీసుకీ నా బేకరీకీ మధ్య ఒకటే గోడ. ఏడింటికి నేను రెండో వాయి కొలాచ్‌లు పొయ్యిలోంచి తీస్తుంటే వెనక తలుపు తోసుకుని వచ్చేది. కోటు విప్పేది కాదు. మధ్యలో గసగసాల ముద్ద ఉన్న ఆ తీపి బన్ను ఒకటి కాగితంలో తీసుకుని, పిండి బస్తాల పక్కనున్న ఎత్తు స్టూలు మీద కూర్చుని, అల్మారా మీది రేడియో గొంతు పెంచేది. నా కొలాచ్‌లో గసగసాలు బరగ్గా పంటికి తగులుతాయని ఇప్పటికీ ఊళ్ళో అంటారు. ఏం చెయ్యను, నా దగ్గరున్నది రాతి కల్వం. మా జిల్లా రేడియోలో ముందు పందుల ధర చెబుతారు, తర్వాత మొక్కజొన్న ధర, ఆ తర్వాత కాసేపు ఆర్గన్ వాయించి, ఎవరెవరు పోయారో, పూజ ఏ చర్చిలో ఎన్నింటికో చదువుతారు. ఆ పది నిమిషాలూ మా నెబ్రాస్కా పల్లెల్లో ఎవరూ ట్రాక్టరు కూడా స్టార్టు చెయ్యరు.

నేను సిలువ గుర్తు వేసుకునేదాన్ని. ఆర్లిస్ నుదురు కొట్టుకునేది.

"విన్నావా డెల్ఫీన్? క్లెమెంటట! మొన్న శనివారం ఇదిగో ఇక్కడే నిలబడి, 'లాయరమ్మా, విత్తనాలు పడగానే వచ్చేస్తా' అన్నాడు కదా?"

"అన్నాడు పాపం. ఆయన ఆత్మకి శాంతి కలగాలి."

"ఆయనకేం, కలుగుతుంది! ఇక్కడ నలుగురు కూతుళ్ళు, ఒక్క పొలం. నలుగురికీ నాలుగు రకాల మాటలు చెప్పి పోయాడు. కూర్చుని ఆ చిక్కు విప్పాల్సింది నేను. నా దగ్గరికి వస్తామన్నవాళ్ళు వచ్చి వెళ్ళాకే చావాలని దేవుడు ఒక నియమం పెడితే చాలు, ఈ జిల్లాలో ఒక్కడూ చావడు!"

కాగితం నాలుగు మడతలు పెట్టి నా చెత్తబుట్టలో వేసి, సంచీ భుజాన తగిలించుకుని వెళ్ళిపోయేది. ముప్పై ఒక్క ఏళ్ళు ఇదే వరస.

ఆమె చేసేది ముసలివాళ్ళ వకాల్తా. పొలం ఎవరికి, ఇల్లెవరికి, మతి తప్పితే సంతకం ఎవరు పెట్టాలి, మంచాన పడితే ఎవరు చూడాలి, ఇవన్నీ మనిషి బతికుండగానే కాగితం మీద పెట్టించడం. చెప్పడానికి ఇంతే. కానీ వీలునామా అనే మాట వినబడితే మావాళ్ళు సూది చూసిన దూడల్లా పక్కకి తిరుగుతారు. ఎండ కాస్తే పొలంలో పని ఉందంటారు. చలికాలం వస్తే దారంతా మంచు అంటారు. వాన పడి, పొలంలో కాలు పెట్టడానికి వీల్లేకపోతే మాత్రం బూట్ల బురదతో సహా ఆమె గుమ్మంలో తేలతారు. వాన రోజున ఆఫీసులో కుర్చీలు చాలక, నా కొట్లో బస్తాలు జరిపి కూర్చోబెట్టేవాళ్ళం.

"నేను చదివింది లా. బతుకుతున్నది వాన మీద. మీకూ నాకూ తేడా ఏముందయ్యా?" అని అరిచేది. వాళ్ళు తొడలు చరుచుకుని నవ్వేవాళ్ళు.

అరిచేదే గానీ, ఆమె బల్ల సొరుగులో రకరకాల కళ్ళజోళ్ళు డజను ఉండేవి, మర్చిపోయి వచ్చేవాళ్ళ కోసం. చదవడం సరిగ్గా రాని ముసలాయన ఎవరైనా కాగితం పట్టుకుని తడబడుతుంటే, "ఇటివ్వండి, ఆఫీసు నియమం ప్రకారం నేనే పైకి చదవాలి" అని లాక్కునేది. అలాంటి నియమం ఏదీ లేదు. పికప్ బండి ఎత్తు నుంచి దిగలేని ముసలమ్మల కోసం ఒక చెక్క మెట్టు చేయించి పెట్టుకుంది. జోరు వానలో ఆ మెట్టు తనే మోసుకుని రోడ్డు మీదికి వెళ్ళేది, దారంతా విసుక్కుంటూ. ఆమె తండ్రి ఏ కాగితమూ రాయకుండానే పోయాడట. ఆమె పుట్టిన ఇంటి చోట ఇప్పుడు ఎవరివో పందుల షెడ్లు ఉన్నాయి. ఆ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది, రెండోసారి అడగడానికి నాకు మనసొప్పలేదు.

సాక్షి సంతకం కావాల్సి వచ్చినప్పుడు మా గోడ మీద అరచేత్తో మూడుసార్లు కొట్టేది. నేను చేతులు తుడుచుకుని వెళ్ళేదాన్ని. ఎంత తుడుచుకున్నా కాగితం అంచున కాస్త పిండి అంటేది. ఆమె నియమం ఒకటుంది, దాన్ని మాత్రం చచ్చినా వదిలేది కాదు. సాక్షి సంతకం పెట్టే మనిషికి ఆ వీలునామాలో గరిటె కూడా రాకూడదు. చట్టం అంత బిగువుగా లేకపోవచ్చు, కానీ రేపు ఎవడో ఒకడు కోర్టులో సరిగ్గా అక్కడే వేలు పెడతాడని ఆమె భయం.

ఇక టేపు సంగతి చెప్పాలి. ఆదివారం పూజ తర్వాత చర్చి కింది గదిలో తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినడం మా అలవాటు. గిన్నెలు అన్నీ ఒకేలా ఉంటాయి కనక ప్రతి ఇల్లాలూ తన గిన్నె అడుగున మాస్కింగ్ టేపు ముక్క అంటించి పేరు రాస్తుంది. కడిగేవాళ్ళు కడిగి, బోర్లించి, పేరు చూసి, ఎవరిది వాళ్ళకిస్తారు. నాకు తెలిసి ఒక్క గిన్నె కూడా ఇల్లు తప్పలేదు. ఆ నమ్మకమే మావాళ్ళ కొంప ముంచింది. వయసు మీద పడగానే ఇంట్లో ప్రతి వస్తువుకీ అడుగున టేపు అంటించడం మొదలుపెడతారు. ఈసారి తమ పేరు కాదు, తమ తర్వాత అది ఎవరికి చెందాలో వాళ్ళ పేరు. దాంతో వీలునామా అయిపోయిందని గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతారు. ఆర్లిస్ జుట్టు తెల్లబడింది వయసు వల్ల కాదు, ఆ టేపు వల్లనే అని నా నమ్మకం.

అందరికంటే ఎక్కువ టేపు వాడిన మనిషి ఆంబ్రోస్ జెలెంకా.

ఆయనకి అప్పుడు ఎనభై నాలుగేళ్ళు. భార్య బ్లజేనా నా ప్రాణ స్నేహితురాలు, మూడేళ్ళ క్రితం పోయింది. ఒక్కగానొక్క కొడుకు పదకొండేళ్ళ క్రితం ట్రాక్టరు తిరగబడి పోయాడు. అతనికి పిల్లలు లేరు. కోడలు రోజ్లిన్ పుట్టింటికి వెళ్ళలేదు. నూట అరవై ఎకరాలు దున్నడం, ఆవులు, మామగారి మందులు, అన్నీ ఆమే. అత్తగారికి ఆఖరి రోజుల్లో జుట్టు దువ్వి జడ వేసింది కూడా ఆమే, నేను కళ్ళారా చూశాను. కానీ చట్టానికి రక్తమే తెలుసు, రోజ్లిన్ తెలియదు. ఆంబ్రోస్ కాగితం రాయకుండా కన్నుమూస్తే పొలమంతా ఆయన తమ్ముడి కొడుకులు ముగ్గురికీ పోతుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని అనను. క్రిస్మస్‌కి కార్డు పంపుతారు. పొలం ఏ రోడ్డు మీదుందో మాత్రం ఒకరినడిగితే గానీ చెప్పలేరు. అందులో పెద్దవాడు పక్కింటి కంచె జానెడు జరిగిందని కోర్టుకెక్కిన మనిషి.

ఏడాది పైగా వెంటపడినా ఆంబ్రోస్ రాకపోయేసరికి, ఏప్రిల్ నెలలో ఒక వాన రోజున ఆర్లిస్ తనే బయల్దేరింది. నన్నూ లాక్కెళ్ళింది. రోజ్లిన్ మాకు కాఫీ పోసి, ఆవు ఈనుతోందని కొట్టంలోకి పరుగెత్తింది.

"వీలునామా ఎప్పుడో అయిపోయింది లాయరమ్మా," అన్నాడు ఆంబ్రోస్. లేచి ఒక కుర్చీ తలకిందులు చేశాడు. అడుగున టేపు, దాని మీద పెన్సిల్‌తో ఫాదర్ మాటస్ పేరు. గోడ గడియారం తిప్పాడు, దాని వెనక ఇంకో పేరు. ఆఖరికి గోడ మీదున్న పొలం పటం దింపి బోర్లించాడు. వెనక జానెడు టేపు ముక్క. "రోజ్లిన్. ఇల్లు, కొట్టం, మొత్తం."

ఆర్లిస్ కళ్ళు మూసుకుని తెరిచింది.

"ఆంబ్రోస్ గారూ, ఇది గిన్నె కాదు. పొలం."

"అడుగున పేరుంది కదమ్మా."

"పటానికుంది. పొలానికి లేదు."

"పొలం బోర్లించే ఓపిక నాకు లేదు తల్లీ. ఎనభై నాలుగొచ్చాయి."

నాకు నవ్వాగలేదు. ఆర్లిస్ నావైపు చూసిన చూపుకి కాఫీ గొంతులోనే ఆగిపోయింది.

"జడ్జి ముందు ఈ పటం పెడితే ఏమంటాడో తెలుసా మీకు?"

"ఏ జడ్జి? మన హోరెస్ కొడుకేగా? చిన్నప్పుడు చర్చి భోజనాల్లో గిన్నెలు కడిగినవాడే. పేరు చూసి ఇవ్వడం వాడికి కొత్తా?"

"టేపు చట్టం కాదండీ! చెమ్మ తగిలితే ఊడొచ్చేది చట్టం ఎలా అవుతుంది?"

"నీ నోటరీ స్టాంపు మటుకు? వానలో తడిస్తే చెరిగిపోదూ?"

ఆర్లిస్ ఏదో అనబోయి, నోరు అదుపులో పెట్టుకోవడానికి కాఫీ కూజా ఎత్తింది. కూజా అడుగున కూడా టేపు ఉంది. "లాయరమ్మ" అని ఉంది దాని మీద.

ఆమె గోటితో ఆ ముక్క మెల్లగా పీకి బల్ల మీద పెట్టింది. ఆంబ్రోస్ ముఖం చిన్నబోయింది.

"నువ్వు కాఫీ తాగుతుంటే చూడటం బ్లజేనాకి ఇష్టం. అదే చెప్పి రాయించింది."

"తెలుసండీ." ఆ మాట మాత్రం మెత్తగా వచ్చింది. "అయినా నేను తీసుకోకూడదు. కాగితం రాసేవాళ్ళకీ, సాక్షులకీ మీ ఇంట్లోంచి చెంచా కూడా రాకూడదు. వస్తే రేపు మీ తమ్ముడి కొడుకు, 'చూశారా, ఆశ చూపించి రాయించుకున్నారు' అంటాడు. పోయేది కూజా కాదు, రోజ్లిన్ ఇల్లు."

రోజ్లిన్ పేరు వినగానే ఆయన కిటికీలోంచి కొట్టం వైపు చూశాడు. అక్కడ దీపం వెలుగుతోంది. "సరే, ఏం చెయ్యమంటావో చెప్పు," అన్నాడు.

చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. పొలం, ఇల్లు రోజ్లిన్‌కని వీలునామా ఆర్లిస్ రాస్తుంది. ఇంటి సామాను సంగతి ఆయన ఒక జాబితాగా రాస్తే, వీలునామాతో పాటు దాని మీదా సంతకం పెట్టొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. "వస్తువు తిప్పండి, పేరు చూడండి, కాగితం మీద రాయండి. అంతే. టేపు తగలెయ్యండి," అంది ఆర్లిస్.

వాళ్ళు మాట్లాడుకుంటున్నంతసేపూ నేను బల్ల చివర్నే చూస్తూ కూర్చున్నాను. అక్కడ మరమేకులతో బిగించి ఉంది బ్లజేనా గసగసాల మర. పుట్టింటివాళ్ళు సముద్రం దాటి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. ప్రతి గురువారం నేను గసగసాలు తీసుకెళ్ళేదాన్ని. ఆమె పిడి తిప్పేది, నేను పోసేదాన్ని, మధ్యమధ్య జపమాల చెప్పుకునేవాళ్ళం. వెన్నలా వచ్చేది పిండి. ఆమె పోయాక నేను మళ్ళీ అడగలేదు, ఆనాటి నుంచి ఇవాళ్టిదాకా రాతి కల్వమే. ఆంబ్రోస్ దాన్ని బల్ల నుంచి విప్పనూ లేదు.

వారం తిరిగేలోగా ఆర్లిస్ వీలునామా రాసి సిద్ధం చేసింది. ఆ తర్వాత వాన ఆగిపోయింది. మే నెలంతా ఒక్క చుక్క లేదు. ఆమె ఫోన్ చేస్తే ఆంబ్రోస్ ఒకటే మాట.

"ఎండ కాస్తోంది లాయరమ్మా."

"మీరు ట్రాక్టరెక్కి ఆరేళ్ళయింది! ఎండ కాస్తే మీకేం?"

"రోజ్లిన్ విత్తనాలేస్తోంది. ఎవరో ఒకరు గట్టు మీద నిలబడి చూడద్దూ?"

ఫోన్ పెట్టేసి గోడ మీద కొట్టేది. సాక్షి కోసం కాదు, కోపం పట్టలేక. నాకు ఆ చప్పుడు తేడా తెలుసు.

జూన్ మొదటి శుక్రవారం పొద్దున, రేడియోలో ఆర్గన్ మొదలవుతుండగా నా కొట్టు ఫోన్ మోగింది. రోజ్లిన్. మామయ్య గాదె మెట్ల మీంచి జారిపడ్డాడని, తుంటి ఎముక విరిగిందని, నలభై మైళ్ళ అవతల ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పింది. మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్. గుండె బలహీనంగా ఉంది, మత్తు తట్టుకుంటాడో లేదో డాక్టరు గట్టిగా చెప్పడం లేదు. ఆ పిల్ల ఏడవడం లేదు. "ఆంటీ, ఆయన సంచీలో ఏవో కాగితాలు పెట్టుకుని, లాయరమ్మకి ఇవ్వమంటున్నాడు, అవి పంపిస్తున్నాను," అంది అంతే. సంతకం సంగతి తన నోటితో ఎత్తలేదు.

పాలబండి అబ్రహాం పదకొండింటికి ఆ కాగితాలు తెచ్చిచ్చాడు. అదే ఆంబ్రోస్ రాసిన సామాను జాబితా. పదకొండు కాగితాలు, పెన్సిల్ రాత.

ఆర్లిస్ నా పిండి బల్ల మీదే పరిచి చదవడం మొదలుపెట్టింది. రెండో కాగితానికి ఆమె మెడ ఎర్రబడింది. ఐదో కాగితానికి స్టూలు లాక్కుంది. ఫాదర్ మాటస్‌కి కుర్చీ. పోస్టాఫీసు ఎమిలీకి దుప్పట్లు. మంగలి రూడీకి పావురాల గూడు. బ్యాంకులో కొత్తగా చేరిన అమ్మాయికి ఊరగాయ జాడీలు, పేరు తెలియదు కాబట్టి "ఎర్ర జుట్టు పిల్ల, నవ్వుతూ మాట్లాడుతుంది" అని రాశాడు. పాలబండి అబ్రహాంకి నిచ్చెన. చర్చిలో పాడేవాళ్ళు తొమ్మిదిమందికీ తొమ్మిది గాజు గ్లాసులు.

"ఈయన ఊరంతటికీ పంచిపెట్టాడే!" ఆర్లిస్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఇద్దరు సాక్షులు కావాలి నాకు. ఈ ఊళ్ళో ఒక్క పరాయి మనిషిని మిగల్చలేదు!"

"ఎంత పెద్ద మనసో చూడు," అన్నాను నేను.

"పెద్ద మనసే! ఆ పెద్ద మనసు వల్లే రోజ్లిన్ రోడ్డున పడబోతోంది!"

"నువ్వున్నావుగా?"

"స్టాంపు వేసేది నేను. స్టాంపు వేసే చెయ్యి సాక్షి చెయ్యి కాకూడదు. ఆసుపత్రివాళ్ళు సంతకం పెట్టరు, వాళ్ళ నియమం అది. వరండాలో కూర్చున్నవాళ్ళని ఎవరినో పట్టుకొస్తే, రేపు కోర్టులో 'ఈయన మతి నిలకడగా ఉందని మీకెలా తెలుసు' అంటే ఏం చెబుతారు? ఆయన్ని ఎరిగినవాళ్ళే కావాలి. ఆయన ఏమీ ఇవ్వనివాళ్ళే కావాలి." ఉన్నట్టుండి ఆగి, పదకొండు కాగితాలూ మళ్ళీ మొదటినుంచి వేలితో వెతికింది. "డెల్ఫీన్, నీ పేరు లేదు."

నా పేరు లేదు. నిజం చెప్పాలంటే నాకు కాస్త చివుక్కుమంది. ఆ దేవుడు నన్ను క్షమించాలి, ఎర్ర జుట్టు పిల్లకి జాడీలిచ్చిన మనిషికి నేను గుర్తు రాలేదా అనిపించింది. అలా అనుకున్నందుకు మనసులోనే ఒక చిన్న ప్రార్థన చెప్పుకుని, "అయితే నేనొకదాన్ని దొరికాను కదా," అన్నాను.

రెండో మనిషి కోసం ఆర్లిస్ కిటికీలోంచి వీధి చివరిదాకా చూసింది. అక్కడ ధాన్యం గోదాము, దాని ముందు తూకం గది.

"ఎల్డన్ స్టూర్," అంది.

ఎల్డన్ పక్క ఊరి లూథరన్, మా చర్చి మనిషి కాదు. ముప్పై ఏళ్ళుగా గోదాములో మొక్కజొన్న తూకం వేస్తున్నాడు. పందొమ్మిదేళ్ళ క్రితం ఆంబ్రోస్ తెచ్చిన గింజల్లో తేమ ఉందని మిషను చూపించాడు. మిషను అబద్ధం చెబుతోందని ఆంబ్రోస్ అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆంబ్రోస్ పంట పదిహేను మైళ్ళ అవతలి గోదాముకి వెళ్తుంది.

"ఆంబ్రోసా? నేనా?" ఎల్డన్ టోపీ వెనక్కి తోసుకున్నాడు.

"ఆయన ఇంట్లో ఏ వస్తువు అడుగునా నీ పేరు లేదయ్యా. అందుకే వచ్చాను," అంది ఆర్లిస్.

"అది నాకు చెప్పక్కర్లేదు," అన్నాడాయన మెల్లగా. ఇంకేమీ అడగలేదు. తూకం మిషను ఆపి, తలుపు మీద 'ఇప్పుడే వస్తా' బోర్డు తగిలించి, చేతులు కడుక్కుని వచ్చి కారులో కూర్చున్నాడు. దారంతా కారులో మొక్కజొన్న దుమ్ము వాసన. ఆర్లిస్ ముందు వెళ్తున్న ప్రతి ట్రాక్టరునీ తిట్టింది. నేను జపమాల చెప్పుకున్నాను. ఎల్డన్‌కి ఆ ప్రార్థన రాదు, అయినా ప్రతి పదో పూస దగ్గరా నాతో పాటు ఆమెన్ అన్నాడు.

ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట దాటింది. రోజ్లిన్ పొలం బట్టల్లోనే గది బయట నిలబడి ఉంది. చేతిలో మామగారి చెప్పులు.

"నువ్వు లోపలికి రాకూడదమ్మా," అంది ఆర్లిస్. "నువ్వు గదిలో ఉంటే నువ్వే రాయించావంటారు."

"తెలుసు లాయరమ్మా. ఆయన్ని కంగారు పెట్టకండి, అంతే," అని ఆ పిల్ల వరండా చివర బెంచీ మీదికి వెళ్ళి కూర్చుంది.

ఆంబ్రోస్ తలగడ మీద చిన్నపిల్లాడిలా ఉన్నాడు. కళ్ళు మాత్రం ఎప్పటివే. ఎల్డన్‌ని చూడగానే ఆ కళ్ళు పెద్దవయ్యాయి.

"వీడా?"

"ఈయనే," అంది ఆర్లిస్. "మీ పుణ్యమా అని ఈ జిల్లాలో ఇంకెవరూ మిగల్లేదు."

ఎల్డన్ టోపీ రెండు చేతులా పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. ఆంబ్రోస్ అతన్ని చాలాసేపు చూశాడు.

"ఆ రోజు గింజలు తడిగానే ఉన్నాయి ఎల్డన్," అన్నాడు.

"కొంచెమే," అన్నాడు ఎల్డన్.

"కొంచెం కాదులే. నాకు తెలుసు." ముసలాయన చెయ్యి చాచాడు, ఎల్డన్ పట్టుకున్నాడు. నా కళ్ళు చెమర్చాయి. ప్రభువు ఎవరిని ఎక్కడ కలుపుతాడో అనుకుంటున్నాను. ఇంతలో ఆంబ్రోస్ తల ఇటు తిప్పాడు. "లాయరమ్మా, రాసుకో. టైర్లకి గాలికొట్టే మిషను ఎల్డన్‌కి."

"నోరు ముయ్యండి ఆంబ్రోస్ గారూ!"

నర్సు తలుపులోంచి తొంగిచూసింది. ఆర్లిస్ గొంతు తగ్గించింది గానీ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం ఎవరికీ ఏమీ ఇవ్వకుండా ఉండలేరా మీరు? ఈయన్ని తెచ్చిందే మీరు ఏమీ ఇవ్వలేదని!"

"ఇంత దూరం వచ్చాడు కదమ్మా పాపం."

"నాకు గాలికొట్టే మిషను ఉంది ఆంబ్రోస్," అన్నాడు ఎల్డన్ గబగబా. లేదని నాకు తెలుసు.

ఆర్లిస్ వీలునామా పైకి చదివింది. పొలం ఎవరికి అని అడిగింది. రోజ్లిన్‌కి అన్నాడు. ఎందుకు అని అడిగింది. "ఇంకెవరికి?" అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుని జాబితా చదవడం మొదలుపెట్టింది. గడియారం ఒకటీ ఇరవై ఐదు. ఆయన కళ్ళు మూసుకుని ప్రతి పేరుకీ తలూపాడు. పదకొండో కాగితం అయిపోయి, ఆమె పెన్ను మూత తీసి ఆయన చేతికివ్వబోయింది.

"ఒకటి తప్పింది," అన్నాడు ఆంబ్రోస్.

"ఏం తప్పింది?"

"గసగసాల మర. నువ్వు వస్తువు తిప్పి పేరు చూడమన్నావు కదా. అది బల్లకి బిగించి ఉంది, తిప్పలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. అడుగున బ్లజేనాయే రాసింది, పోయే వారం ముందు. డెల్ఫీన్‌కి."

నా స్నేహితురాలు వణికే చేత్తో బల్ల కిందికి వంగి నా పేరు అంటించిన సంగతి మూడేళ్ళుగా నాకు తెలియదు. పొద్దున నా మనసు చివుక్కుమన్నది గుర్తొచ్చి తల వంచుకున్నాను.

ఆర్లిస్ పెన్ను మూత మళ్ళీ పెట్టేసింది. "దేవుడా," అంది. ఆమె ఆ మాట తిట్టులా కాక ప్రార్థనలా అనగా నేను వినడం అదే మొదటిసారి.

"అది రాయకుండా వదిలేద్దాం," అంది ఆయనతో. "జాబితాలో లేదు. లేనట్టే."

"అడుగున ఉంది. బ్లజేనా మాట. నేను దాన్ని దాచి సంతకం పెట్టను."

"సరే, వేరే ఎవరికైనా రాద్దాం."

"డెల్ఫీన్ తన నోటితో వద్దంటే సరే. లేకపోతే అది డెల్ఫీన్‌దే."

ఆంబ్రోసే మళ్ళీ ఆశగా, "అయితే ఇప్పుడే ఇచ్చెయ్యనా? ఇంటికి పోయి తీసుకుపొమ్మను," అన్నాడు.

"సంతకానికి గంట ముందు చేతికిచ్చిన వస్తువుని కోర్టులో ఏమంటారో తెలుసా? కూలి అంటారు! మీ తమ్ముడి కొడుకు కంచె జానెడు జరిగితేనే ఊరుకోలేదు!" ఆర్లిస్ ముక్కు మీది కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. అరవై రెండేళ్ళ మనిషి, ఆ క్షణాన అంతకంటే పెద్దదానిలా కనిపించింది. తలుపు అద్దంలోంచి వరండా చివర రోజ్లిన్ కనబడుతోంది, ఒళ్ళో మామగారి చెప్పులు పెట్టుకుని, వాటికంటిన బురద గోటితో గీకుతూ.

ఇద్దరు మనుషులు మంచం తోసుకెళ్ళడానికి వచ్చారు. ఆర్లిస్ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఐదు నిమిషాలు," అని వాళ్ళని వెనక్కి పంపింది. తర్వాత నా దగ్గరికొచ్చి, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. నా గోళ్ళలో ఇంకా పొద్దుటి పిండి ఉంది.

"డెల్ఫీన్, ముప్పై ఒక్క ఏళ్ళుగా గోడ కొట్టి నిన్ను పిలవడమే గానీ, నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ మర నీకు వద్దని ఆయనతో చెప్పు. ఇవాళే కాదు, ఎప్పటికీ వద్దని చెప్పు. రేపు రోజ్లిన్ తనే విప్పి తెచ్చి నీ గుమ్మంలో పెట్టినా తిప్పి పంపెయ్యాలి. నాకోసం ఈ ఒక్క సాయం చెయ్యవా?"